పిర్ఫెనిడోన్‌తో ఏడాదిన్నర: దగ్గు తగ్గలేదు, ఎండ పడలేదు, అయినా మానలేదు

మాత్ర మింగేది మా ఆయన, లెక్క రాసేది నేను. కాబట్టి ఈ రివ్యూ నేనే రాస్తున్నాను. ఆయన్ని రాయమంటే "చెత్త మాత్ర, నోరు చేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నన్నడిగితే ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒక్క మార్కులో కొంత మాత్రది, ఎక్కువ భాగం మాత్ర చేతిలో పెట్టి ఎలా వాడాలో చెప్పకుండా పంపించినవాళ్ళది.

ఆయనకి ఉన్నది ఐపీఎఫ్. కారణం తెలియకుండా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టుకుపోయే జబ్బు. మెత్తగా స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తి ఎండిన తోలులా గట్టిపడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, తెమడ లేని పొడి దగ్గు, మొదట్లో వయసు మీద పడిందనుకుని ఊరుకున్నాం. డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి, వెల్క్రో పట్టీ ఊడదీస్తే వచ్చే చప్పుడు లోపల వినిపిస్తోందన్నారు. స్కాన్‌లో చూస్తే ఊపిరితిత్తుల అడుగున తేనెపట్టులా గదులు గదులుగా ఉంది. ఆ బొమ్మ చూశాక నాకు రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంటర్నెట్‌లో వెతికితే మూడు నుంచి ఐదేళ్ళు అని కనిపించింది, అది చదివాక మూడో రాత్రి కూడా లేదు. (ఆ అంకె ఈ మందులు లేని రోజుల్లోని రోగుల లెక్క మీద వచ్చింది, పైగా సగటు. ఆ సంగతి తర్వాత డాక్టరుగారు చెప్తే గానీ తెలియలేదు.)

ముందే చెప్పేస్తున్నాను, ఈ మాత్ర వల్ల మచ్చ పోదు. దగ్గు ఆగుతుందని, ఆయాసం పోతుందని కొనుక్కుంటే మొదటి నెలలోనే విసిగిపోయి మానేస్తారు. ఇది చేసేదల్లా ఊపిరి తరిగిపోయే వేగాన్ని తగ్గించడం. బీపీ మాత్రకైనా మిషన్‌లో అంకె దిగడం కనిపిస్తుంది, జ్వరం మాత్రకి ఒళ్ళు చల్లబడుతుంది. దీనికి అలాంటి రుజువేమీ ఒంటికి తెలియదు. తెలిసేదంతా వికారం, నీరసం, ఎండకి మంట. అంటే పని చేస్తున్నప్పుడు కనబడదు, ఇబ్బంది పెడుతున్నప్పుడు మాత్రం బాగా కనబడుతుంది. ఇలాంటి మందుని మనిషి చేత ఏళ్ళ తరబడి మింగించడం ఎంత కష్టమో ఇంట్లో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

మరి పని చేస్తుందని నమ్మకం ఏమిటి అంటారా, 2014లో వచ్చిన అసెండ్ అనే ట్రయల్ ఉంది. 555 మంది, 52 వారాలు. సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్త మాత్ర, అంటే చూడటానికి అలాగే ఉండి లోపల మందు లేనిది. ఏడాది తిరిగేసరికి ఊపిరి సామర్థ్యం పదో వంతు పైగా పడిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి ఉత్త మాత్ర జట్టులో నూటికి దాదాపు 32 మంది, మందు జట్టులో 16 లేదా 17 మంది. అసలు ఏమాత్రం తగ్గనివాళ్ళు మందు జట్టులో నూటికి 23 మంది దాకా ఉంటే అవతల పదిమందే. గాలి నిండా పీల్చి గొట్టంలోకి ఊదే పరీక్షలో కొలిచే ఆ ఎఫ్‌వీసీ, ఉత్త మాత్ర వాళ్ళకి సగటున 428 మిల్లీలీటర్లు పడింది, మందు వాళ్ళకి 235. పడటం ఇద్దరికీ పడింది, చూడండి. నేను మా ఆయనకి ఈ రెండు అంకెలే చూపించి ఒప్పించాను. జపాన్‌లో ఇది 2008 నుంచే ఉంది, యూరప్‌లో 2011లో వచ్చింది, అమెరికాలో 2014 అక్టోబరులో. ఇంతకు ముందు ఈ జబ్బుకి స్టెరాయిడ్‌తో పాటు మరో రెండు మందులు కలిపి ఇచ్చేవాళ్ళట, తీరా ట్రయల్ పెట్టి చూస్తే ఆ మూడూ వాడినవాళ్ళలోనే చావులు ఎక్కువయ్యాయని 2012లో బయటపడింది. అందుకే పాత రోజుల్లో ఎవరో స్టెరాయిడ్‌తో బాగుపడ్డారని చెప్పేవాళ్ళ మాట నేను వినను.

ఇక మొదలుపెట్టడం. ఇది ఒకేసారి పూర్తి డోసుతో మొదలెట్టే మందు కాదు. మొదటి వారం 267 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కొక్కటి మూడు పూటలా. రెండో వారం రెండేసి. పదిహేనో రోజు నుంచి మూడేసి, అంటే పూటకి 801, రోజుకి 2403 మిల్లీగ్రాములు. పూర్తి డోసు కుదిరాక మూడు చిన్నవాటి బదులు 801 మాత్ర ఒకటి వేసుకోవచ్చు. మాకు వచ్చిన ఎస్బ్రియెట్ అనే బ్రాండులో చిన్నది పసుపు రంగు, పెద్దది గోధుమ రంగు, కాబట్టి పొరబడే పని లేదు. అన్నిచోట్లా ఇవే అంకెలు ఉండవు, జపాన్‌లో 200 మిల్లీగ్రాముల మాత్రలు, రోజుకి 1800 దాకానే. అందుకని నా లెక్క చూసి మీ డోసు మార్చుకోకండి, మీ చీటీలో ఉన్నదే మీది.

మా చీటీలో ఏముందో చెప్తాను. ఒకటి, గీత, ఒకటి, గీత, ఒకటి. అంతే. తిండితో వేసుకోవాలని లేదు, ఎండ సంగతి లేదు, రక్తపరీక్ష ఎప్పుడో లేదు. ఆ ఆసుపత్రి పేరు రాయను గానీ, అంతంత పెద్ద జబ్బు పేరు చెప్పిన మనిషి ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే మాకు ఆ మొదటి నెల నరకం తప్పేది. మా ఆయన మాత్రలన్నీ పరగడుపునే వేసుకునే మనిషి. ఇదీ అలాగే వేసుకున్నారు. రెండో వారానికి పొద్దున్నే తల తిరుగుడు, డోకు, మంచం దిగితే గోడ పట్టుకుని నడక. పెట్టెలో మడిచి పెట్టిన ఆ సన్నక్షరాల కాగితం అప్పుడు విప్పాను. తిండితో వేసుకుంటే మందు రక్తంలోకి ఒక్కసారిగా ఎగదన్నదు, ఆ ఎగదన్నే మోతాదు దాదాపు సగానికి తగ్గుతుంది, మొత్తం మీద ఒంట్లోకి వెళ్ళే మందు మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. వికారం, తల తిరుగుడు రెండూ ఆ ఎగదన్నడం వల్లే ఎక్కువవుతాయి. ఇంత ముఖ్యమైన విషయం చీటీ మీద రాయడానికి ఎంత సిరా అవుతుంది చెప్పండి.

తర్వాత నేను చేసింది ఇది. పళ్ళెంలో సగం తిన్నాక మాత్ర, మిగతా సగం మాత్ర తర్వాత. తినడం మొదలెట్టక ముందూ కాదు, చేయి కడుక్కున్నాకా కాదు, నట్టనడుమ. పూటకి మూడు చిన్న మాత్రలు వేసుకునే రోజుల్లో వాటిని ఒక్కసారే మింగకుండా భోజనం పొడుగునా ఒకటొకటిగా వేసుకోవడం డాక్టరుగారే చెప్పారు, అది బాగా పనిచేసింది. పొద్దున టిఫిన్ రెండు ముద్దలతో సరిపెట్టే అలవాటుంటే ఈ మాత్రతో కుదరదు, కడుపులో ఏదో ఒకటి గట్టిగా పడాలి. మాత్ర కొరకకుండా నీళ్ళతో మింగేయాలి. ఇవన్నీ చేశాక కూడా ఆకలి చచ్చిపోయింది, అది వేరే గొడవ. మొదటి నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గారు. అందుకే నా నోటుబుక్కులో వారానికోసారి బరువు కూడా ఉంటుంది. ట్రయల్స్‌లో నూటికి 36 మందికి వికారం వచ్చింది, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 16 మందికి. ఆ 36లో మేమున్నాం. ఆరో నెల తర్వాత చాలావరకు సర్దుకుంది, నోటి చేదు మాత్రం పోలేదని ఇప్పటికీ గొణుగుతారు.

ఎండ. దీని గురించి ఎంత రాసినా తక్కువే. ఈ మందు వేసుకునేవాళ్ళ చర్మానికి ఎండ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఎండలో నిలబడితేనే అనుకున్నాం మేము. మా ఆయన కారు నడుపుకుంటూ గంటన్నర ప్రయాణం చేసి వచ్చారు, అద్దాలన్నీ మూసే ఉన్నాయి. సాయంత్రానికి కిటికీ వైపున్న చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా వేడినీళ్ళు పోసినట్టు ఎర్రగా, రెండో చెయ్యి మామూలుగా. ఏ పురుగో పాకిందనుకుని ఏదో పూత రాశాను, తగ్గితే ఒట్టు. తర్వాత తెలిసిందేమిటంటే ఎండలోని యూవీఏ కిరణాలు మామూలు కిటికీ అద్దంలోంచి లోపలికి వచ్చేస్తాయి. మబ్బు పట్టిన రోజు కూడా పూర్తి రక్షణ ఉండదు. అప్పటి నుంచి పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, యాభై ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్, అది కూడా యూవీఏని ఆపేదని పైన రాసి ఉన్నదే. ఒకసారి పూసి వదిలేస్తే చాలదు, చెమటకి పోతుంది, మళ్ళీ పూయాలి. అరవై దాటిన మగమనిషి చేత ముఖానికి, చెవుల వెనక, మెడ వెనక క్రీమ్ పూయించడం మాత్ర మింగించడం కన్నా పెద్ద పని, "ఈ వయసులో నాకీ సోకులేంటే" అని ఒకటే గోల. నేను పట్టు వదల్లేదు.

దద్దుర్లు అన్నీ ఒకటి కాదు. ఎండ తగిలినచోట ఎర్రబడటం ఒక రకం, దానికి డోసు తగ్గించో కొన్నాళ్ళు ఆపో సర్దుతారు. అలా కాకుండా జ్వరంతో పాటు ఒళ్ళంతా దద్దుర్లు, బొబ్బలు, తోలు ఊడటం, నోట్లో పుండ్లు కనిపిస్తే అది అత్యవసరం, మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. పెదవులు, నాలుక, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా అంతే. ఇవి అరుదు, మాకు రాలేదు, కానీ ఆ లక్షణాలు నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసిపెట్టుకున్నాను.

లివర్ పరీక్షల్లో మాత్రం ఒక్కటీ వదలకండి. మాత్ర మొదలెట్టక ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలల పాటు నెలనెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి. చూసేవి ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి ఇవే. ఈ మందుతో ఏఎల్‌టీ గానీ ఏఎస్‌టీ గానీ మామూలు పైహద్దుకి మూడు రెట్లు దాటినవాళ్ళు ట్రయల్స్‌లో నూటికి నలుగురి లోపే, కానీ అరుదుగా ప్రాణాల మీదకి వచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. మా ఆయనకి మూడో నెలలో హద్దుకి రెండు రెట్లయింది. నాకు టెన్షన్, మాత్ర దాచేశాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, మూడు రెట్లు దాటలేదు, లక్షణాలు లేవు, బిలిరుబిన్ బాగానే ఉంది, ఆపకండి, రెండు వారాల్లో మళ్ళీ చేయించండి అన్నారు. మళ్ళీ చేస్తే దిగింది. మూడు రెట్లు దాటితే లెక్క మారుతుంది, తోడుగా కళ్ళు పచ్చబడటం లాంటి లక్షణాలు ఉంటే గానీ, బిలిరుబిన్ పెరిగితే గానీ మందు పూర్తిగా మానిపించేస్తారు. ఐదు రెట్లు దాటినా అంతే. ఇంట్లో చూసుకోవాల్సినవి: కళ్ళు పసుపెక్కడం, మూత్రం ముదురు రంగులో రావడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి పరీక్ష తేదీ కోసం కూర్చోకూడదు.

ఇప్పుడు మా ఆయన ఘనకార్యం. తొమ్మిదో నెలలో ఒంటరిగా ఊరెళ్ళారు. వారం అన్నారు, పదహారు రోజులున్నారు. వారానికి సరిపడా మాత్రలు తీసుకెళ్ళి, వాటిని కూడా తీసిన సంచి తీసినట్టే తెచ్చారు. ఒక్కటి వేసుకోలేదు. "మానేస్తే హాయిగా ఉందే, ఆకలి కూడా వేసింది" అని పైగా సంబరం. వచ్చిన రోజు రాత్రి భయపడి నేనే పూర్తి డోసు చేతిలో పెట్టాను. ఆ తప్పు నాదే. తెల్లవార్లూ వాంతులు. నియమం ఏమిటంటే, వరసగా పద్నాలుగు రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మానేస్తే మళ్ళీ మొదటి వారం నుంచి, ఒకటి, రెండు, మూడు అంటూ ఎక్కుతూ రావాలి. పద్నాలుగు రోజుల లోపయితే పాత డోసుతోనే అందుకోవచ్చు. ఒక్క పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవడమే, కాకపోతే రెండు డోసుల మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి, తప్పిందని రెండు కలిపి వేసుకోకూడదు, రోజుకి మూడు డోసులు మించకూడదు. మళ్ళీ మెట్టుమెట్టుగా ఎక్కి పూర్తి డోసుకి వచ్చేసరికి మాకు ఇంకో రెండు వారాలు పోయాయి.

సిగరెట్ కథ ఇంకోటి. పదేళ్ళ క్రితమే మానేశారని నేను, డాక్టరుగారు ఇద్దరం నమ్మాం. జబ్బు తెలిశాక దిగులుతో రోజుకి రెండు చాటుగా మొదలెట్టారట. ఒక విజిట్‌లో డాక్టరుగారు మామూలుగా చెప్పుకుంటూ పోతూ, పొగ తాగేవాళ్ళలో లివర్ ఈ మందుని గబగబా అరగదీసేస్తుంది, తాగనివాళ్ళతో పోలిస్తే ఒంట్లో మందు సగమే ఉంటుంది అన్నారు. మా ఆయన మొహం చూస్తే నాకు అర్థమైపోయింది. బయటికొచ్చాక నేనేమీ అనలేదు, ఆయనే "అంటే సగం మాత్ర తగలేశానన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచి ముట్టలేదు. ఊపిరి గురించి ఎంత చెప్పినా వినని మనిషి, మాత్ర వృథా అనేసరికి మానేశారు, మగవాళ్ళ లెక్కలు నాకు అర్థం కావు.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. లివర్‌లో ఈ మందుని అరగదీసే ఎంజైమ్‌ని కొన్ని మందులు అడ్డుకుంటాయి, అప్పుడు ఒంట్లో మోతాదు పెరిగిపోతుంది. మానసిక సమస్యలకి ఇచ్చే ఫ్లూవోక్సమిన్ అందులో అన్నిటికన్నా గట్టిది, దానితో కలిపి వాడకూడదనే అంటారు. సిప్రోఫ్లోక్సాసిన్ యాంటీబయాటిక్ పెద్ద డోసులో, అంటే 750 మిల్లీగ్రాములు రెండు పూటలా ఇస్తే పిర్ఫెనిడోన్ డోసు మూడింట రెండు వంతులకి తగ్గిస్తారు. గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా వద్దు. డాక్సీసైక్లిన్ లాంటి ఎండకి మంట పెంచే మందులు దీనితో కలిస్తే చర్మం పని అయిపోయినట్టే. మా ఆయనకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన సిప్రోఫ్లోక్సాసిన్ రాయబోయారు, నేను నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను, ఆయన చదివి వేరేది రాశారు. మంచాయన, విసుక్కోలేదు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకి, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి అసలు ఈ మాత్రే ఇవ్వరు.

వేరే దారి లేదా అని అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. నింటెడానిబ్ అని ఇంకోటి ఉంది, అమెరికాలో రెండిటికీ ఒకే రోజు అనుమతి వచ్చింది. అది రోజుకి రెండు పూటలే, ఎండ గొడవ ఇంతగా లేదు, కానీ విరేచనాలు బాగా పట్టుకుంటాయి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. లివర్ పరీక్షలు దానికీ తప్పవు. 2025 అక్టోబరులో అమెరికాలో నెరాండోమిలాస్ట్ అనే మూడోది కూడా వచ్చింది. అది మాకు పనికొస్తుందా అని అడిగితే, పిర్ఫెనిడోన్‌తో కలిపితే దాని మోతాదు రక్తంలో తగ్గుతుంది, తొందరపడొద్దు అన్నారు. రెండు పూటల మాత్రా మూడు పూటల మాత్రా అంటే నేను రెండు పూటలదే కోరుకునేదాన్ని, ఆయన కడుపు ముందు నుంచీ నీళ్ళ కడుపు కాబట్టి డాక్టరుగారు ఇది రాశారు. ట్రయల్స్‌లో దుష్ఫలితాలు భరించలేక ఈ మాత్ర పూర్తిగా మానేసినవాళ్ళు నూటికి దాదాపు 15 మంది, ఉత్త మాత్ర వేసుకుని మానేసినవాళ్ళే పదిమంది దాకా ఉన్నారు. పూర్తి డోసు పడకపోతే తగ్గించి ఇస్తారు, కొన్నాళ్ళు ఆపి మళ్ళీ ఎక్కిస్తారు. ఆ మాట డాక్టరుని అడక్కుండా ఇంట్లోనే తేల్చేసుకుని మానేసేవాళ్ళని చూస్తే నాకు కోపం.

ఫలితం అంటారా. మాత్ర మొదలెట్టినప్పుడు ఎఫ్‌వీసీ 2.46 లీటర్లు. ఏడాదికి 2.37. పోయిన నెల 2.33. మందు లేకపోతే ఎంత పడేదో ఎవరూ చెప్పలేరు, మాత్ర వేసుకోని మా ఆయన ఇంకొకరు లేరు కదా పోల్చడానికి. ఆయన జబ్బే నెమ్మది రకం కావచ్చు. దగ్గు అలాగే ఉంది, ఆరు నిమిషాల నడక పరీక్షలో మధ్యలో ఒకసారి ఆగుతారు, అప్పుడూ ఆగేవారు.

నిన్న రాత్రి నోటుబుక్కు చూపించి, "చూడండి, ఏడాదిన్నరలో తగ్గింది నూట ముప్పై మిల్లీలీటర్లే" అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అంటే తగ్గిందిగా" అన్నారు. తగ్గింది, నిజమే. సరేనని పళ్ళెం పెట్టాను, సగం తిన్నాక ఆయనే చెయ్యి చాపారు, మాత్ర కోసం.